అరిచేవాడి కన్నా ముందు, మౌనంగా ఉన్నవాడి దగ్గరికి వెళ్లు

ప్రశ్న: అన్నా, మాది మదనపల్లె. బెంగళూరులో ఎమర్జెన్సీ కేర్ కోర్సు పూర్తి చేశాను. వచ్చే నెల నుంచి అంబులెన్స్‌లో ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా) చేరుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో ఉండగా ఒక రాత్రి బైక్ యాక్సిడెంట్ కేసు వచ్చింది. కాలి ఎముక బయటికి వచ్చి ఉంది. చూడగానే కళ్లు తిరిగి, గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. అప్పటినుంచి ట్రామా (పెద్ద దెబ్బల కేసు) అనే మాట వింటేనే టెన్షన్. హాస్పిటల్‌లో అయితే డాక్టర్ ఉంటారు. రోడ్డు మీద నేనూ డ్రైవరూ మాత్రమే. సీనియర్లు ఇలాంటి కాల్స్‌కి ఎలా తయారవుతారు? అక్కడ దిగగానే మొదట ఏం చేస్తారు? ఈ భయం పోతుందా? మా నాన్నేమో ఇది ఆడపిల్లలు చేసే పని కాదు, ఏదైనా ల్యాబ్‌లో చేరు అంటున్నారు.
– ఒక చెల్లెలు, కె.ఆర్. పురం, బెంగళూరు

సమాధానం:

చెల్లెమ్మా,

మాది హిందూపురం. 2010 నుంచి ఇక్కడ బెంగళూరులో అంబులెన్స్ వెనక భాగంలోనే నా ఉద్యోగం గడిచింది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు నేర్పుతున్నాను. నీలాంటి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరికి ఉంటుంది, కానీ చాలామంది పైకి అడగరు. నువ్వు అడిగావు కాబట్టి నాకు తెలిసిందంతా చెబుతాను.

ముందు ఆ గోడ పట్టుకున్న రాత్రి సంగతి. అది పిరికితనం కాదు. రక్తమో గాయమో కంటపడగానే కొందరిలో గుండె వేగం ఒక్కసారిగా తగ్గుతుంది, రక్తనాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది. మెదడుకు చాలినంత రక్తం అందక కళ్లు తిరుగుతాయి. దీనికి ఒక ఉపాయం ఉంది. కళ్ల ముందు మసక మొదలవుతోందని తెలియగానే తొడలు, పిక్కలు, చేతులు గట్టిగా బిగించు. పది పదిహేను సెకన్లు, ముఖం వేడెక్కే దాకా. తర్వాత కాస్త వదిలి మళ్లీ బిగించు. పడిపోబోయే బీపీని ఇది నిలబెడుతుంది. ఈ నెల రోజులూ ఇంట్లో కూర్చుని సాధన చెయ్యి, అవసరం వచ్చినప్పుడు దానంతట అదే వస్తుంది. ఖాళీ కడుపుతో మాత్రం డ్యూటీ ఎక్కకు. ఒక ఇడ్లీ అయినా తిని, నీళ్లు తాగి ఎక్కు. నాకు కళ్లు తిరగలేదు కానీ మొదటి మూడు నెలలు గ్లోవ్స్ వేసుకుంటుంటే వేళ్లు వణికేవి. గ్లోవ్‌లో ఒక వేలి సందులో రెండు వేళ్లు దూరేవి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రాత్రి నువ్వు పక్కన నిలబడి చూస్తున్నావు. నీ చేతికి పని లేదు, నీ కంటికీ పని లేదు. పని లేని కన్ను నేరుగా గాయం మీదికే పోతుంది. రోడ్డు మీద నీ కన్ను ఒక వరసలో వెతకాలి. ఆ వరస నేర్చుకోవడమే ఈ వృత్తిలో సగం చదువు. అది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. చెప్పడం నాకు సులువు కాదు, అయినా నువ్వు వినాలి.

చేరిన రెండో ఏడు. హోస్కోటె దగ్గర, రాత్రి పదకొండు దాటింది. ఒక బైకు మీద ఇద్దరు, డివైడర్‌ను గుద్దారు. ఒకతను రోడ్డు మీద పడి ఉన్నాడు, మోకాలి కింద ఎముక బయటికి వచ్చింది, కేకలు పెడుతున్నాడు. రెండో అతను డివైడర్‌కు ఆనుకుని కూర్చున్నాడు. ఒంటి మీద గీరుకుపోయిన గుర్తులు తప్ప ఏమీ కనపడలేదు. "నాకేం కాలేదన్నా, ముందు వాణ్ణి చూడండి" అన్నాడు, తెలుగులోనే. నేను ఆ మాట నమ్మేశాను. కాలికి కట్టు కట్టి, కదలకుండా స్ప్లింట్ బద్ద వేసి, తల ఎత్తి చూసేసరికి అతను పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. ఒళ్లు చల్లగా, చెమటతో తడిసి ఉంది. మణికట్టు దగ్గర నాడి అందలేదు. బైకు హ్యాండిల్ కడుపులో పొడుచుకుని లోపల ప్లీహం చిరిగిందని తర్వాత హాస్పిటల్‌లో చెప్పారు. అతను బతకలేదు.

ఆ కాలు చూడటానికి భయంకరంగా ఉంది, కానీ దానివల్ల ఆ అబ్బాయి చనిపోయేవాడు కాదు. ప్రాణం తీసింది కడుపు లోపల, చుక్క రక్తం బయటికి రాకుండా జరిగిపోయింది. ట్రామాలో కంటికి భయం పుట్టించేదీ, మనిషిని చంపేదీ చాలాసార్లు వేరువేరు. అరుస్తున్నాడంటే గొంతులోంచి గాలి వెళ్తోంది, మెదడుకు రక్తం అందుతోంది. అరవనివాడు ఎందుకు అరవడం లేదో చూడాలి. నిన్ను గోడ దగ్గర కూర్చోబెట్టిన ఆ ఎముక కూడా వరసలో చాలా వెనక వచ్చేది. దాని వంతు వచ్చే వరకు దాన్ని చూడాల్సిన పనే నీకు లేదు.

ఇక తయారవడం గురించి. కాల్ వచ్చాక తయారవడానికి సమయం ఉండదు. తయారయ్యేది పొద్దున ఎనిమిదింటికి షిఫ్ట్ మారేటప్పుడు. వెళ్లిపోయే టీమ్ "అంతా ఓకే" అని తాళం చేతిలో పెడుతుంది. ఆ మాట మీద ఎప్పుడూ సంతకం చెయ్యకు. నేను ఒకసారి చేశాను. ఆ మధ్యాహ్నం నోట్లోంచి రక్తం కారుతున్న మనిషి దగ్గర, దాన్ని పీల్చి తీసే సక్షన్ మెషిన్ ఆన్ చేస్తే మూలిగి ఆగిపోయింది. రాత్రంతా చార్జింగ్ పెట్టలేదు. ఆ మనిషిని పక్కకు తిప్పి, వేలికి గుడ్డ చుట్టి, గడ్డలు తీసుకుంటూ దారంతా వెళ్లాం. ఆయన బతికాడు, కానీ ఆ పన్నెండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

కాబట్టి ప్రతి వస్తువునూ చేత్తో చూడాలి. సక్షన్ ఆన్ చేసి, ట్యూబ్ చివర బొటనవేలు అడ్డం పెట్టి, ముల్లు పైకి లేస్తుందో లేదో చూడు. ఆక్సిజన్ సిలిండర్ మీద రాసింది కాదు, గేజ్ ఎంత చూపిస్తోందో చూడు. స్పేర్ సిలిండర్‌కు తాళంచెవి దానికే కట్టి ఉందా? ఊపిరి అందించే అంబు బ్యాగ్‌ను అరచేతికి ఆనించి నొక్కితే గాలి ఎక్కడైనా లీక్ అవుతోందా? పిల్లల మాస్క్ ఉందా? మెడకు వేసే కాలర్లు అన్ని సైజుల్లో ఉన్నాయా? టార్నికెట్లు (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీలు) కనీసం రెండు, గాజ్ గుడ్డ దండిగా, వెడల్పు బ్యాండేజీలు, బట్టలు కత్తిరించే కత్తెర. ఆ కత్తెర నీ జేబులో ఉండాలి, బ్యాగ్‌లో కాదు. స్ట్రెచర్‌ను ఒకసారి దించి, ఎక్కించి, లాక్ పడుతోందో చూడు. టార్చ్‌లో సెల్స్ ఉన్నాయో లేదో చూడటం చాలామంది మరచిపోతారు.

దుప్పటి గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. రక్తం పోయిన మనిషి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది, దాంతో ఇంకా రక్తం పోతుంది. కణాలకు ఆక్సిజన్ అందక రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, అది గడ్డకట్టడాన్ని మరీ చెడగొడుతుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. దీన్ని ఆపడానికి నీ చేతిలో ఉన్న అతి చవకైన మందు దుప్పటి. గాయం చూడటానికి బట్టలు కత్తిరించాక వెంటనే కప్పు. తడి బట్టలు తీసెయ్. డిసెంబరు రాత్రి బెంగళూరు రోడ్డు మీద పావుగంట పడుకున్నవాడికి ఇది ఎంత అవసరమో నువ్వే ఊహించు. అయినా చాలా బండ్లలో ఉతకడానికి వెళ్లిన దుప్పటి తిరిగి రాదు. నీ బండిలో అలా కానివ్వకు.

చెకింగ్ అయ్యాక కళ్లు మూసుకుని బ్యాగ్ తెరువు. టార్నికెట్ ఏ జిప్‌లో ఉంది? ఓరల్ ఎయిర్‌వే (నాలుక అడ్డుపడకుండా నోట్లో పెట్టే గొట్టం) ఎక్కడ? చీకట్లో, వానలో, జనం మధ్య నీ చెయ్యి వెతుక్కోకూడదు. కాల్స్ లేనప్పుడు ఫోన్ చూడటం తగ్గించి మనసులోనే ఒక కేసు నడిపించు. బండి దిగాను, ఇలా చూశాను, ఇది చేశాను అని. నేను ఇప్పటికీ చేస్తాను.

నువ్వు "డ్రైవర్" అని రాశావు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైన కాలం నుంచీ ఈ పనిలో ఆయన్ని పైలట్ అనే పిలుస్తాం. ఆ పిలుపుకు అర్థం ఉంది. రోడ్డు మీద నీకున్న రెండో జత చేతులు ఆయనవే. చేరిన మొదటి వారంలోనే పైలట్ అన్నతో కూర్చుని, తల కదలకుండా ఎలా పట్టుకోవాలో, హెల్మెట్ ఎలా తియ్యాలో, మనిషిని నిలువునా ఒక్క దిమ్మెలా పక్కకు ఎలా దొర్లించాలో ఇద్దరూ కలిసి చేసి చూడండి. నీ కన్నా ఆయన చాలా ఎక్కువ కేసులు చూసి ఉంటాడు. ఆయన "మేడమ్, వెళ్దాం" అన్నాడంటే ఎందుకన్నాడో ఆలోచించు.

కాల్ వచ్చింది అనుకుందాం. దారిలోనే ఫోన్ చేసినవాళ్లకు తిరిగి చెయ్యి. ఎంతమంది? ఏ బండ్లు? ఎవరైనా ఇరుక్కున్నారా? పెట్రోలు కారుతోందా? రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోమను. నీళ్లు తాగించవద్దని, ఆటోలో మడిచి ఎక్కించవద్దని, గుచ్చుకున్నది ఏదైనా లాగెయ్యవద్దని చెప్పు. నువ్వు చేరక ముందే నీ పని అక్కడ మొదలవుతుంది. ఒకరికి మించి గాయపడ్డారని తెలిస్తే ఇంకో బండి కావాలని అప్పుడే అడుగు, చూశాక అడుగుదాంలే అనుకోకు. అంబులెన్స్‌కు దారి ఇవ్వనివాళ్లకు పదివేల జరిమానా అని చట్టంలో ఉంది, కానీ సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో చట్టం రోడ్డును వెడల్పు చెయ్యదు. ఆ నిమిషాలను లెక్కలో పెట్టుకో.

దిగే ముందు అద్దంలోంచి చుట్టూ చూడు. తెగిన కరెంటు తీగ ఉందా, ఎదురుగా వచ్చే లారీకి మీరు కనపడుతున్నారా, బండి ఎక్కడ ఆపితే అందరికీ అడ్డుగోడలా ఉంటుంది. మెరిసే జాకెట్ వేసుకోకుండా హైవే మీద కాలు పెట్టకు. ఫ్లైఓవర్ మీద రెండో గుద్దుడులో అంబులెన్స్ వాళ్లే దెబ్బలు తిన్న సందర్భాలు నాకు తెలుసు.

దిగగానే జనం ఉంటారు. వాళ్లను తిట్టకు. పని చెప్పు. ఒకరిని ఫోన్ లైటు పట్టుకోమను, ఇద్దరిని బండ్లు మళ్లించమను. సాయం చేసినవాళ్లను పోలీసులు, హాస్పిటల్ వాళ్లు వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్‌గా చేర్చారు. "మీకు ఏ కేసూ రాదు" అని ఆ మాట గట్టిగా చెబితే ముందుకొచ్చే చేతులు ఉంటాయి.

ఇక్కడ కన్నడ కావాలి, చెల్లెమ్మా. పుస్తకం కన్నడ అక్కర్లేదు. "భయ పడబేడి" (భయపడకండి), "అల్లాడబేడి" (కదలకండి), "ఎల్లి నోవాగ్తా ఇదె?" (ఎక్కడ నొప్పిగా ఉంది?), "ఉసిరాడోకె కష్ట ఆగ్తిద్యా?" (ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందా?), "దారి బిడి" (దారి ఇవ్వండి). ఈ ఐదూ నోటికి రావాలి. కదలవద్దు అనడానికి వాళ్లు అల్లాడబేడి అంటారు, మన అల్లాడటమే కదా, ఇట్టే గుర్తుంటుంది. మరాఠహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు బిల్డింగ్ పనుల దగ్గర పడినవాళ్లలో అనంతపురం, కర్నూలు మనుషులూ ఉంటారు, హిందీ, బెంగాలీ తప్ప రానివాళ్లూ ఉంటారు. తెలుగు మాట వినగానే కొందరి కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. నీ గొంతు వాళ్లకు మందు లాంటిదే. పేరు అడుగు, నీ పేరు చెప్పు, చేసే ప్రతి పనీ ముందు చెప్పి చెయ్యి.

చాలామంది ఒకేసారి పడి ఉంటే ఎవరికీ వైద్యం మొదలుపెట్టకు. ముందు అందరినీ చూడు. 1983లో కాలిఫోర్నియాలో తయారైన స్టార్ట్ పద్ధతి నీ కోర్సులో ఉండే ఉంటుంది. నడవగలిగినవాళ్లందరినీ ఒక పక్కకు రమ్మను. మిగిలినవాళ్లలో ఊపిరి నిమిషానికి ముప్పై దాటిందా, మణికట్టు నాడి అందుతోందా, చెప్పిన మాట వింటున్నారా అని ఒక్కొక్కరికి అర నిమిషం. ఈ మూడింట్లో ఏది తప్పినా ఎర్ర చీటీ, అంటే ముందు తీసుకెళ్లాల్సిన మనిషి. ఆ హోస్కోటె రాత్రి నేను ఇద్దరికే ఈ పని చేసి ఉంటే డివైడర్ దగ్గర కూర్చున్నవాడి నాడి వేగం నా వేళ్లకు తెలిసేది.

ఇప్పుడు ఒక్క మనిషి దగ్గర కూర్చున్నాక వరస. ఈ వరస వెనక ఒక కథ ఉంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టర్ నడుపుతున్న చిన్న విమానం పొలంలో కూలింది. భార్య అక్కడే పోయింది. గాయపడిన పిల్లలతో చిన్న ఊరి ఆస్పత్రికి చేరితే, అక్కడ ఏది ముందు చూడాలో ఎవరికీ తెలియలేదు. పొలంలో తాను ఒట్టి చేతులతో చేసినపాటి వైద్యం కూడా అక్కడ దొరకలేదని ఆయన బాధపడ్డాడు. ఆ బాధలోంచి డాక్టర్లకు ట్రామా వరస నేర్పే కోర్సు పుట్టింది. నువ్వు పరీక్ష కోసం బట్టీ పట్టిన ఏబీసీడీఈ (గాలి దారి, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, ఒళ్లంతా చూడటం) అక్కడిదే. రోడ్డు మీద మనకు దాని ముందు ఇంకొకటి ఉంది: ధారగా పోయే రక్తం.

చేతినుంచో కాలినుంచో రక్తం ఎగజిమ్ముతుంటే ముందు అదే ఆపు. గట్టిగా నొక్కు. ఆగకపోతే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా టార్నికెట్ కట్టి రక్తం నిలిచేదాకా బిగించు. చాలా నొప్పి పెడుతుంది, అరుస్తారు, అయినా వదులు చెయ్యకు. టైమ్ దాని మీదే రాయి. తర్వాత గాలి దారి. గురకలా శబ్దం వస్తే నాలుక వెనక్కి పడి దారికి అడ్డుపడుతోందని, గుడగుడమంటే నోట్లో రక్తమో వాంతో ఉందని అర్థం. మెడ కదపకుండా దవడను ముందుకు తొయ్యి, సక్షన్ పెట్టు, ఒక్కోసారి పది పదిహేను సెకన్లకు మించకుండా. బైకు మీద వచ్చినవాళ్లకు హెల్మెట్ ఉంటే ఇద్దరూ కలిసి తీయాలి. ఒకరు కింద నుంచి దవడను, మెడ వెనక భాగాన్ని పట్టుకుంటే, రెండోవాళ్లు హెల్మెట్ అంచులు పక్కలకు లాగి, ముక్కు తగలకుండా కాస్త వంచి మెల్లగా లాగాలి. ఇది పైలట్ అన్నతో కనీసం ఇరవైసార్లు చేసి చూడు.

తర్వాత ఛాతీ. చొక్కా కత్తిరించి చూడు, రెండు వైపులా సమంగా లేస్తోందా? చెయ్యి వేసి చూడు, చెవితో విను. ఆ తర్వాత రక్తప్రసరణ. ఇక్కడే నేను మోసపోయాను. మన ఒంట్లో ఉండే సుమారు 5 లీటర్ల రక్తంలో దాదాపు లీటరున్నర పోయేదాకా బీపీ మామూలుగా చూపించవచ్చు, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లలో. కాబట్టి మెషిన్ అంకె కన్నా ముందు చర్మం ముట్టుకో. చల్లగా, తేమగా ఉందా? నాడి పరుగెడుతోందా? మనిషి ఊరికే కంగారు పడుతున్నాడా, దాహం అంటున్నాడా? బయట రక్తం కనపడకపోతే ఛాతీ, కడుపు, కటి (తుంటి ఎముకల భాగం), తొడలు, ఈ నాలుగు చోట్లా వెతుకు. ఒక్క తొడ ఎముక విరిగితేనే లోపల లీటరు దాకా పోవచ్చు. కటి ఎముక అనుమానం ఉంటే మళ్లీ మళ్లీ నొక్కి చూడకు. కటికి చుట్టే బైండర్ పట్టీ లేకపోతే దుప్పటి మడిచి, తొడలు తుంటికి కలిసే చోట చుట్టి బిగించు. నడుముకు కట్టడం చాలామంది చేసే తప్పు.

ఆ పైన స్పృహ, కంటి పాపలు, షుగర్. చివర్లో వీపు వైపు కూడా చూసి, కప్పెయ్యి. ఇదంతా కలిపి రోడ్డు మీద పది నిమిషాలు దాటకూడదు. ఇరుక్కున్నవాళ్ల సంగతి వేరు. లోపల రక్తం పోతున్నవాడికి కావలసింది ఆపరేషన్ టేబుల్, అది నీ బండిలో లేదు. సెలైన్ సూది బండి కదిలాక కూడా పెట్టుకోవచ్చు. సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే ఉన్న రక్తం పలచబడుతుంది, కట్టిన గడ్డ ఊడుతుంది, అందుకే కొలతగా. తలకు దెబ్బ ఉంటే మాత్రం బీపీ పడిపోనివ్వకూడదు, ఆక్సిజన్ తగ్గనివ్వకూడదు. రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షన్ గురించి చదివే ఉంటావు. దాని మీద నలభై దేశాల్లో ఇరవైవేల మందికి పైగా రోగులతో చేసిన క్రాష్-2 పరిశోధన 2010లో వచ్చింది. దెబ్బ తగిలిన మూడు గంటల లోపల ఇస్తేనే మేలు. లైన్‌లో ఉన్న డాక్టర్ చెబితే ఇవ్వు, నీ అంతట నువ్వు కాదు.

వేలో చెయ్యో తెగిపోతే ఆ ముక్కను సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డలో చుట్టి, కవర్లో కట్టి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో పెట్టు. ఐసు నేరుగా తగలకూడదు. పీణ్య వైపు ఫ్యాక్టరీ కేసుల్లో ఇది పనికొస్తుంది.

ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. తలకు దెబ్బ అంటే నిమ్హాన్స్, ఎముకలంటే సంజయ్ గాంధీ, మిగతావి విక్టోరియా అని జనం నోట్లో ఒక లెక్క ఉంది. కానీ తలా, కడుపూ, కాలూ మూడూ దెబ్బతిన్న మనిషికి ఆ లెక్క పనిచెయ్యదు. బంధువులు "మాకు తెలిసిన హాస్పిటల్" అంటారు. మొదట అడగాల్సింది అక్కడ ఇప్పుడు సర్జన్ ఉన్నారా, స్కాన్ నడుస్తోందా, రక్తం ఉందా అని. కాల్ సెంటర్ డాక్టర్‌తో మాట్లాడి, ముందుగా ఆ హాస్పిటల్‌కు ఫోన్ చేసి వెళ్లు. డబ్బు గురించి అడిగితే, రోడ్డు ప్రమాదాలకు మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో నోటిఫై అయిందని చెప్పు. ఆ ఒక్క మాటతో బంధువులు సగం కుదుటపడతారు.

హాస్పిటల్‌లో అప్పగించేటప్పుడు అర నిమిషంలో నాలుగు ముక్కలు: ఎలా జరిగింది, ఎక్కడెక్కడ దెబ్బలు, నాడి, బీపీ, స్పృహ ఎలా ఉన్నాయి, నువ్వేం చేశావు. గొంతు పెంచి చెప్పు. చిన్నదానివని వినకుండా స్ట్రెచర్ లాక్కుంటారు. వాళ్లు తల ఎత్తేదాకా స్ట్రెచర్ మీద చెయ్యి తియ్యకు.

ఇక భయం పోతుందా అన్నావు. నాకు పూర్తిగా పోలేదు. ఫోన్ మోగగానే కడుపులో ఇప్పటికీ ఏదో తిరుగుతుంది. కానీ బండి తలుపు తెరిచేసరికి కన్ను దాని పని మొదలుపెడుతుంది, మిగతాది వెనక్కి పోతుంది. కాల్ అయ్యాక వచ్చేదే ఎక్కువ కష్టం. ఆ డివైడర్ కుర్రాడి గొంతు నాకు నెలల తరబడి నిద్రలో వినపడేది. "నాకేం కాలేదన్నా". ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నేను చేసిన రెండో తప్పు. బండి కడిగి, వాడిన సామాను నింపి, కాగితాలు రాసేశాక పైలట్ అన్నతో ఒక టీ తాగుతూ ఆ కేసు మాట్లాడు. ఏం బాగా చేశాం, ఏం ఆలస్యమైంది అని. నెల దాటినా నిద్ర పట్టకపోతే, అదే దృశ్యం మళ్లీ మళ్లీ వస్తుంటే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. నేను వెళ్లాల్సిన సమయంలో అలాంటిది లేదు.

నాన్నగారి మాటకు వస్తాను. ఆయన భయం అబద్ధం కాదు. పన్నెండు గంటల డ్యూటీలు, రాత్రిళ్లు, నడుం నొప్పి, చేతికి వచ్చే జీతం తక్కువ. ఇవి దాచి చెప్పకు. కానీ ఆడపిల్లలు చేసే పని కాదు అన్నది మాత్రం నేను ఒప్పుకోను. స్కూటీ మీంచి పడిన ఆడమనిషి బట్టలు కత్తిరించి ఛాతీ, కటి చూడాల్సి వచ్చినప్పుడు ఆమె సిగ్గుతో చేతులు అడ్డం పెట్టుకుంటుంది, చుట్టూ జనం, నేను మగవాణ్ణి. అలాంటిచోట చూడకుండా వదిలేసిన గాయాలు ఉన్నాయి. పక్కన ఒక అమ్మాయి ఉంటే దుపట్టా అడ్డం పెట్టి అర నిమిషంలో ఆ పని అయిపోయేది.

ఆయన్ని ఒకరోజు పొద్దున షిఫ్ట్ మారే వేళకు మీ స్టేషన్‌కు రమ్మను. మదనపల్లె బస్సు కె.ఆర్. పురం మీదుగానే కదా వస్తుంది. నువ్వు సిలిండర్ గేజ్ చూస్తూ, బ్యాగ్ సర్దుతూ ఉంటే పక్కన నిలబడి చూడనీ. మా అమ్మ అలాగే ఒకసారి వచ్చింది. అంతా చూసింది, ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు స్ట్రెచర్ మీది దుప్పటి రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ఇంత పలచదా కప్పేది?" అని అడిగింది. వారం తిరక్కుండా హిందూపురం నుంచి బస్సులో రెండు కంబళ్లు పంపింది.